నిర్బంధ సెలవు

మా బ్యాంకులో సెలవు అడిగితే ఇవ్వరు. అడగకపోతే మాత్రం ఏడాదికోసారి మెడ పట్టి గెంటుతారు. దానికి నిర్బంధ సెలవు అని పేరు. పెద్ద అప్పులు మంజూరు చేసే కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఏడాదిలో పది పని దినాలు ఏకబిగిన ఆఫీసుకు దూరంగా ఉండాలి. ముందుగా చెప్పరు. సోమవారం సాయంత్రం కాగితం వస్తుంది, మంగళవారం నుంచి మన కంప్యూటర్ మనల్ని గుర్తుపట్టదు. ఆ పది రోజులూ ఆఫీసు బిల్డింగులో అడుగు పెట్టకూడదు, స్టాఫ్‌కి ఫోన్ చెయ్యకూడదు. మన కుర్చీలో ఇంకొకరు కూర్చుని మన ఫైళ్ళన్నీ తిరగేస్తారు. మూత తీస్తేనే కదా కుండలో ఏం కుళ్ళిందో తెలిసేది, అదీ ఇందులో కిటుకు.

మగ ఆఫీసర్లు ఈ కాగితం అందుకోగానే పెట్టె సర్దుకుని పెళ్ళాం పిల్లల్తో ఊళ్ళు చూడ్డానికి పోతారు. నేను మాత్రం ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో దీనికి చిక్కలేదు. బదిలీ అయిన ఏడాది ఇది వర్తించదు, నాకు బదిలీలకు కొదవ లేదు. నిరుడు తనిఖీ ఉందని వాయిదా పడింది. ఈసారి తప్పించుకునే దారి లేకపోయింది. తప్పించుకునే మనిషిని కూడా కాను. ఆఫీసులో నన్ను ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల రూలుబుక్కు అంటారు. రెండూ నాకు ఇష్టమే.

అయితే ఆ కాగితం వచ్చిన సమయమే బాగాలేదు. డిప్యూటీ జనరల్ మేనేజర్‌ని. జనరల్ మేనేజర్ పోస్టుకి అప్పటికి పదిహేను రోజుల ముందే ఇంటర్వ్యూ అయింది. ఉన్నది ఒక కుర్చీ, పోటీలో ముగ్గురం. ఇద్దరు మగవాళ్ళు, నేను. బ్యాంకు పుట్టి తొంభై ఏళ్ళయినా ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోలేదు. హెడ్డాఫీసులో జనరల్ మేనేజర్ల అంతస్తులో ఆడవాళ్ళకి బాత్రూమే లేదు. ఇంటర్వ్యూ రోజున రెండంతస్తులు దిగి వెళ్ళి, మళ్ళీ రొప్పుతూ ఎక్కి వచ్చి, బ్యాంకు భవిష్యత్తు గురించి నా ఆలోచనలు చెప్పాను. నెలాఖరుకి లిస్టు. అందాకా నా ఫైలు మీద ఈగ వాలకూడదు.

నా కుర్చీలో కూర్చోవడానికి చిన్నబుక్కుని వేశారు. ఆ పిల్ల పదిహేనేళ్ళ కిందట ట్రైనింగులో ఉండగా నా చేతికింద చేరింది. ఇప్పుడు అసిస్టెంట్ జనరల్ మేనేజర్. నా నడక, నా కోపం, నా ఎర్ర పెన్ను అన్నీ ఎత్తుకుంది గనక ఆఫీసువాళ్ళు ఆ పేరు పెట్టారు.

"జాగ్రత్తగా వెతుకు. నేనని మొహమాటపడకు," అన్నాను తాళాలు ఇస్తూ.

"మీ దగ్గర మొహమాటం నేర్చుకోలేదు మేడమ్," అంది.

మొదటి రోజు అలవాటు కొద్దీ ఐదింటికి లేచి, తయారై, బ్యాగు తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొచ్చింది. వెనక్కి తిరిగితే మా అమ్మాయి చూస్తోంది.

"అమ్మా, నీకు సెలవు కదా," అంది, జబ్బుమనిషితో మాట్లాడినట్టు మెల్లగా.

మా ఆయనకు కళ్ళద్దాల కొట్టు ఉంది, ఇంటికి రెండు వీధుల అవతల. చదువయ్యాక అమ్మాయి కూడా ఆ కొట్లోనే కూర్చుంటోంది. నేను ఊళ్ళు తిరిగిన పద్నాలుగేళ్ళూ ఆ పిల్లని పెంచింది ఆయనే. జడలు వేశారు, జ్వరాలు చూశారు, పరీక్షలకు తోడు లేచారు. నేను నెలకు రెండు ఆదివారాలు వచ్చిపోయేదాన్ని. రెండేళ్ళ కిందట ఈ ఊరికే పోస్టింగు వచ్చింది గానీ, పొద్దున ఎనిమిదికి వెళ్ళి రాత్రి ఎనిమిదికి వచ్చే మనిషికి ఊరు ఏదైతేనేం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ముందు రచ్చ గెలిచి, ఇల్లెక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఇల్లు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

ఆ రోజు వంట నేనే చేస్తానని ప్రకటించాను. ఉప్పు కనబడలేదు. అరగంట వెతికితే కాఫీ అని రాసున్న డబ్బాలో దొరికింది. ఇది ఏ రూలు ప్రకారమని మధ్యాహ్నం అడిగితే తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు.

"అదో పెద్ద కథలే," అన్నారాయన.

ఆ కథేమిటో చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు, అన్నం చల్లారిపోతోందని. మళ్ళీ అడగడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది.

వాళ్ళిద్దరి మాటలు సగం సగం ఉంటాయి. "అయ్యిందా?" అంటారాయన. "ఆదివారం మనిషి రాలేదు," అంటుంది అమ్మాయి. "మరి ఆకుపచ్చది?" "పెట్టేశా." ఇద్దరూ తృప్తిగా తలలూపుకుంటారు. నేను మధ్యలో కూర్చుని అటొకసారి ఇటొకసారి చూస్తాను. రెండు వందల పేజీల అప్పు దరఖాస్తు చదివి అందులో దాచిన మోసం ఏ పేజీలో ఉందో చెప్పగలను గానీ, ఆకుపచ్చది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు.

నన్ను బాగా చూసుకోలేదంటే నోరు పుచ్చిపోతుంది. కంచం ముందు నాకే పెట్టేవారు. మంచి గ్లాసు నాకే ఇచ్చేవారు. నేను గిన్నె కడగబోతే అమ్మాయి పరిగెత్తుకొచ్చి లాక్కునేది. చుట్టానికి చేసే మర్యాదలన్నీ చేశారు. నా మీద ఎవరైనా ఒక్కసారి విసుక్కుంటే బావుండునని రెండో రోజు సాయంత్రానికే అనిపించింది.

ఇద్దరూ కొట్టుకి వెళ్ళిపోయాక కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని. మూడో రోజు ఉండబట్టలేక ఇంటికి తనిఖీ పెట్టాను. కారే కొళాయి, గడువు తీరిన మందులు, పైగది తలుపుకి లేని గడియ, అన్నీ కలిపి పదిహేడు లోపాలు రాసి భోజనాల దగ్గర చదివాను.

"అలాగే మేడమ్, వారం లోపల సరిచేసి నివేదిక పంపుతాం," అన్నారాయన చేతులు కట్టుకుని. అమ్మాయికి పొలమారింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

రోజుకు అరవై సార్లు మోగే నా ఫోన్ మూగనోము పట్టింది. చెడిపోయిందేమోనని ఇంటి ఫోన్ నుంచి నాకు నేనే చేసుకుని చూశాను. శుభ్రంగా మోగింది. స్నేహితులకు చెయ్యొచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. చేద్దామనే అందులో ఉన్న పన్నెండు వందల పేర్లూ పైనుంచి కింద దాకా చూశాను. ప్రతి పేరు పక్కనా ఏదో ఒక బ్రాంచి పేరుంది. బ్రాంచి లేని పేర్లు నాలుగు. మా ఆయన, మా అమ్మాయి, పళ్ళ డాక్టరు, గ్యాసు కంపెనీ.

నాలుగో రోజు నేనూ కొట్టుకి బయల్దేరాను. అక్కడ మూడో మనిషికి చోటు లేదు. ఆయన అద్దాలు అరగదీస్తుంటారు, అమ్మాయి ఫ్రేములు చూపిస్తుంటుంది, నేను ఎక్కడ నిలబడినా ఎవరో ఒకరికి అడ్డమే. చివరికి అద్దం పక్కన స్టూలు మీద ఒదిగి కూర్చున్నాను. ఒక ముసలావిడ కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి వచ్చింది.

"ఈవిడెవరమ్మా, కొత్తగా చేరిందా?" అంది నన్ను చూపించి.

"మా అమ్మండీ. బ్యాంకులో పెద్దాఫీసరు," అంది మా అమ్మాయి.

ముసలావిడ నన్ను కిందకీ పైకీ చూసింది. "అయ్యో తల్లీ, నీకు అమ్మ ఉందా! పదేళ్ళ నుంచి వస్తున్నాను, పాపం తల్లిలేని పిల్లనుకున్నాను. నీ గురించి దేవుడికి కూడా చెప్పుకున్నాను."

"చెప్పుకున్నది వాపసు తీసేసుకోండి మరి," అన్నారు మా ఆయన, కళ్ళజోడుకి మరలు బిగిస్తూ.

అందరం నవ్వాం. నేను కాసేపుండి, ఇంటికి వెళ్తానని లేచాను. ఆయన తలెత్తకుండానే జాగ్రత్తగా వెళ్ళమన్నారు. దారిలో నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. ముసలావిడ అబద్ధమేం చెప్పలేదు. పదేళ్ళలో ఒక్కసారైనా ఆ కొట్లో నేను కనబడి ఉంటే ఆవిడ ఎందుకలా అనుకుంటుంది?

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నా చేతికింద వాళ్ళకి కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాను. మర్నాడు పదకొండింటికి ఆ అడుసు వెతుక్కుంటూ నేనే వెళ్ళాను.

మా ఆఫీసు మూడో అంతస్తులో, కింద మెయిన్ బ్రాంచి. బిల్డింగు ఒకటే గనక అందులో అడుగు పెట్టినా తప్పే. గార్డు నన్ను చూసి సెల్యూట్ కొట్టబోతే కళ్ళతోనే వద్దన్నాను. మిషన్ దగ్గర టోకెన్ తీసుకుని కస్టమర్ల బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీ ఒక పక్కకి ఊగుతుందని ఈ రెండేళ్ళలో నాకు తెలియదు. జనం తోసుకుంటున్నారు, ప్రింటర్ గోల పెడుతోంది, ఎవరో కౌంటర్ మీద అరుస్తున్నారు. ప్రాణం లేచొచ్చింది. నా నంబరు పిలిచారు. లేవలేదు. ఇంకో టోకెన్ తీసుకున్నాను. అదీ పిలిచారు. మూడోది తీసుకున్నాను.

పక్కన ఒక తాపీమేస్త్రీ, గోళ్ళ నిండా సిమెంటు, కాగితం పట్టుకుని అవస్థ పడుతున్నాడు. ఇల్లు మారాడట, కొత్త చిరునామా రాయాలి.

"అమ్మా, కాస్త ఇది రాసిపెడతారా?"

రాసిపెట్టాను. ఎక్కడ సంతకం చెయ్యాలో వేలు పెట్టి చూపించాను. కొత్త చిరునామా రుజువు నకలు జతచెయ్యమని చెప్పాను.

"మీకిది బాగా అలవాటున్నట్టుందే! చల్లగా ఉండండమ్మా," అన్నాడు.

ఐదు రోజుల్లో నన్నొక పని అడిగిన మొదటి మనిషి అతను. అతని వైపు చూడలేక గోడ మీద వడ్డీరేట్ల బోర్డు చదువుతూ కూర్చున్నాను. అప్పుడే కౌంటర్‌లో ఒక క్లర్కు నన్ను చూసి లేచి నిలబడింది. ఆమెను చూసి పక్కవాడు లేచాడు. చూస్తుండగానే బ్రాంచి అంతా నిలబడింది. ఎవరు చెప్పారో గానీ రెండు నిమిషాల్లో చిన్నబుక్కు మెట్లు దిగి వచ్చింది.

"మేడమ్, మీరు ఇక్కడ..."

"కస్టమర్‌ని. నాకూ ఖాతా ఉంది ఇక్కడ."

"ఏం పని మీద వచ్చారు?"

"పాస్‌బుక్."

ఆ పిల్ల చూపు నా చేతుల మీదికి వెళ్ళింది. చేతిలో మూడో టోకెను తప్ప ఏమీ లేదు.

"చూడనట్టు ఊరుకోలేను మేడమ్. రాయాలి," అంది.

"రాయి. రాయకపోతే తిరిగొచ్చాక నీ మీద నేను రాస్తాను."

ఆ క్షణంలో ఆ పిల్లని చూసి గర్వపడ్డాను, లాగి ఒకటి ఇద్దామని కూడా అనిపించింది. గబగబా బయటికి వచ్చేశాను.

సాయంత్రానికి మెమో వచ్చింది. నలభై ఎనిమిది గంటల్లో సంజాయిషీ ఇవ్వాలి. సొంత ఖాతా పని మీద వచ్చానంటే అక్కడితో మూసేస్తారు. వేరే కారణమైతే విచారణ మొదలవుతుంది, విచారణ ఉన్న మనిషి పేరు లిస్టులో ఉండదు. నా జనరల్ మేనేజర్ కుర్చీ, మెమోలో సంజాయిషీ రాసే రెండు వరుసల గడిలోకి వచ్చి కూర్చుంది.

మెమో చూసి మా ఆయన కంగారుపడ్డారు. "అసలెందుకెళ్ళావు?" అని అడిగారు, మెత్తగానే.

మీ ఇద్దరి మధ్యా నాకు చోటెక్కడో తెలియక వెళ్ళానని నోటి దాకా వచ్చింది. "చిన్న పనుండి," అన్నాను.

"అలాగా," అన్నారు. వెంటనే నమ్మేశారు. నాకెప్పుడూ ఏదో ఒక పని ఉంటుందని ఆయనకు తెలుసు. అంతకు మించి తెలుసుకునే అవకాశం ఆయనకు నేనెప్పుడిచ్చాను గనక.

మర్నాడు వాళ్ళు కొట్టుకి వెళ్ళాక కూర్చుని ముందు నిజమే రాశాను. "ఇంట్లో ఒంటరిగా ఉండలేక వచ్చాను. బ్యాంకులో పనేమీ లేదు." చదువుకున్నాను. హెడ్డాఫీసులో ఐదుగురు మగవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని దీన్ని చదువుతారు. తిట్టరు, పాపం అంటారు. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఆడవాళ్ళని పైకి తెస్తే వచ్చే చిక్కు ఇదేనంటాడు. కొట్టేసి, "సొంత ఖాతా పాస్‌బుక్ నమోదు నిమిత్తం" అని రాసి పంపాను. సర్వీసులో నేను రాసిన మొదటి అబద్ధం అది. కుర్చీ కోసం రాశానంటే కాదనను గానీ, అది సగమే. మిగతా సగం సిగ్గు.

సంజాయిషీ అంగీకరించారు. నెలాఖరున లిస్టు వచ్చింది, అందులో నా పేరుంది, పోస్టింగు వేరే ఊళ్ళో హెడ్డాఫీసుకి. మూగనోము పట్టిన ఫోన్ ఆ రోజు తెల్లవార్లూ మోగింది. మా అమ్మాయి నన్ను వాటేసుకుంది. మా ఆయన అటక మీద నుంచి పెద్ద పెట్టె దించి, దుమ్ము తుడిచి, జిప్పు పట్టేస్తోందని కొవ్వొత్తి రుద్దారు. దించమని నేను అడగలేదు. నేను ఎక్కే రైలు, పట్టుకెళ్ళే మందులు, దుప్పట్లు, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నన్ను సాగనంపడం ఆ ఇంటికి బాగా చేతనైన పని.

పాత కుర్చీలో చివరి రోజు. పన్నెండు గంటల వేళ చిన్నబుక్కు రెండు కాగితాలు పట్టుకొచ్చింది. మొదటిది నా పది రోజుల మీద తన నివేదిక.

"నాలుగు వందల ఫైళ్ళు చూశాను మేడమ్. ఒక్క తప్పు లేదు," అంది. నివేదిక నా ముందుకు జరిపి, "ఒక్క కాగితం తప్ప," అంది.

"ఏది?"

"మీ సంజాయిషీ. కెమెరాలో చూశాను. రెండుసార్లు మీ నంబరు వచ్చింది, మీరు లేవలేదు. పాస్‌బుక్ కోసం వచ్చినవాళ్ళు అలా వదులుకోరు."

"మరి రాయలేదేం?"

"ఎందుకొచ్చారో తెలీకుండా ఏమని రాయను?"

రెండో కాగితం బల్ల మీద పెట్టింది. ప్రమోషన్‌కి సమ్మతి ఫారం. ఒప్పుకుంటే మూడేళ్ళు వేరే ఊరు. సాయంత్రం లోపల ఇవ్వాలి.

"బాబుకి ఆరేళ్ళు. మా అత్తగారు చూసుకుంటానంటున్నారు. మా ఆయన నీ ఇష్టమన్నారు. వెళ్ళమంటారా మేడమ్?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న పట్టుకుని నా దగ్గరికి వచ్చిన ఆడపిల్లలు ఎంతమందో లెక్కలేదు. అందరికీ ఒకటే జవాబు. వెళ్ళు, మనం వెళ్ళకపోతే ఆ కుర్చీల్లో ఎప్పటికీ వాళ్ళే కూర్చుంటారు. ఒకరిద్దరు ఏడుస్తుంటే చేతిలో పెన్ను పెట్టి మరీ సంతకం చేయించాను. ఆ జవాబు ఇప్పుడూ నోటి దాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

"ఆ రోజు నాకు పనేమీ లేదమ్మాయ్," అన్నాను. "ఇంట్లో ఏం చెయ్యాలో, ఎవరితో ఏం మాట్లాడాలో తెలీక వచ్చాను. మా వాళ్ళు మంచివాళ్ళు. నేను లేకుండా బతకడం నేర్చుకున్నారు. నేర్చుకోబట్టే నేనింత దాకా వచ్చాను. ఎవరో తాపీమేస్త్రీ ఫారం నింపమంటే నాకు ఏడుపొచ్చింది, తెలుసా? నిన్ను వెళ్ళొద్దనను. వెళ్ళమనీ అనను. దీని ఖరీదు ఇంత అవుతుంది, అంతే చెబుతున్నాను."

చిన్నబుక్కు ఫారం తన వైపు తిప్పుకుంది. ఆ తర్వాత నా బల్ల మీద ఎర్ర పెన్ను తీసి, అది ఎర్రదని చూసుకుని పక్కనపెట్టి, తన నల్లపెన్నుతో సమ్మతమని సంతకం చేసింది.

"తెలిసి వెళ్తాను మేడమ్. మీకు చెప్పడానికి ఎవరూ లేకపోయారు," అంది. లేస్తూ, "రోజూ ఫోన్ చేస్తా మా వాడికి, పనున్నా లేకపోయినా. మీరు చేసేవారా?" అని అడిగింది. దెప్పడానికి కాదు, తెలుసుకుందామనే.

ఆ పిల్ల వెళ్ళాక ఆలోచించాను. చేసేదాన్ని. ఫీజు కట్టారా, గ్యాసు వచ్చిందా, ఆదివారం రావడం లేదు, మార్కులెన్ని. పద్నాలుగేళ్ళలో ఏ పనీ లేకుండా చేసిన ఫోన్ ఒక్కటీ గుర్తురాలేదు. ఫోన్ తీసి మా ఆయనకు చేశాను.

"చెప్పు. రైలు టైము మారిందా?" అన్నారు.

"లేదండీ."

"మందులేమైనా పెట్టమంటావా?"

"అన్నీ పెట్టారుగా. ఊరికే చేశాను."

"ఊరికేనా? ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు.

"బాగానే ఉందండీ."

కొట్లో అద్దాలు అరగదీసే మిషను చప్పుడు వినబడుతోంది. ఎవరు నాన్నా అని మా అమ్మాయి అడిగింది. అమ్మ, అన్నారాయన.

"ఏం కావాలిట?"

ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు గానీ, నాకు వినబడింది.

"ఏమీ వద్దట," అన్నారు.